నోటిమాటతో ఆపకండి, కాగితం మీద రాసివ్వండి: విశాఖ లైవ్ మ్యూజిక్ కళాకారుల బహిరంగ లేఖ

నగరంలో పోలీసు, కార్పొరేషన్, ఎక్సైజ్, అగ్నిమాపక, కాలుష్య నియంత్రణ విభాగాల్లో అనుమతులు చూసే అధికారులందరికీ,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో 19 ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. పెళ్లిళ్లకి, గుడి ఉత్సవాలకి, అపార్టుమెంట్లలో న్యూ ఇయర్ ఫంక్షన్లకి వాయించాను. ఏడెనిమిదేళ్ల నుంచి కేఫుల్లో, రెస్టారెంట్లలో, రెండు మూడు పబ్బుల్లో కూడా వాయిస్తున్నాను. పాడేవాళ్లు, గిటార్, ప్యాడ్స్, డ్రమ్స్ వాయించేవాళ్లు, సౌండ్ ఇంజినీర్లు, లైటింగ్ కుర్రాళ్లు అందరం కూర్చుని మాట్లాడుకుని ఈ లేఖ రాస్తున్నాం. మా లైవ్ మ్యూజిక్‌ని నోటిమాటతో ఆపించడం మానాలని ఇంతకుముందు మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మొదటిసారి తీసుకున్నారు గానీ స్టాంపు వేయలేదు. రెండోసారి "ఇది మా సెక్షన్ కాదు" అని పక్క గదికి పంపారు. పక్క గదివాళ్లు మళ్లీ మొదటి గదికే పంపారు. మూడోసారి స్టాంపు వేసి ఇచ్చారు. అది జరిగి ఐదు నెలలైంది. జవాబు లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

ముందు జరిగింది ఒకటి చెప్తాను.

ఒక శనివారం రాత్రి, టైము 9:20. బీచ్ రోడ్డుకి రెండు వీధులు లోపల ఒక కేఫ్. మొత్తం నలభై కుర్చీలు. మేం ముగ్గురం. ఒక అమ్మాయి పాడుతోంది, ఒక కుర్రాడు కాహోన్ (చేత్తో కొట్టే చెక్కపెట్టె వాయిద్యం) మీద కూర్చుని వాయిస్తున్నాడు, నేను కీబోర్డు. మూలన టేబుల్ దగ్గర ఒక జంట పెళ్లిరోజు చేసుకుంటున్నారు, వాళ్లు అడిగిన పాటే మొదలుపెట్టాం. ఇంతలో ఇద్దరు పోలీసులు వచ్చారు. ఒకాయన ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి మా స్పీకర్‌కి మూరెడు దూరంలో పట్టుకున్నారు. 94 చూపించింది. "లిమిట్ 55. నువ్వు 94 కొడుతున్నావ్. ఆపేయ్" అన్నారు. ఓనరు మర్యాదగానే, "కాగితం ఇవ్వండి సార్, ఇప్పుడే ఆపేస్తాం" అన్నాడు. "కాగితం కావాలంటే స్టేషన్‌కి రా, అక్కడ ఇస్తాం" అన్నారు. ఆ మాట తర్వాత ఎవరు కాగితం అడుగుతారు? పాట మొదటి చరణంలో ఉండగానే ఆ అమ్మాయి మైకు స్టాండుకి పెట్టేసింది. ముగ్గురికీ కలిపి 4,500 మాట్లాడుకున్నాం, సగమే చేతికొచ్చింది. అందులో కీబోర్డు తెచ్చిన ఆటోకి 300 పోయింది.

ఆయన చెప్పిన అంకె తప్పు కాదు. కొలిచిన చోటు తప్పు. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఈ అంకెలు ఆ ప్రాంతంలో ఉండాల్సిన శబ్దానికి పెట్టినవి. స్పీకర్ మూతి దగ్గర వచ్చే శబ్దానికి కాదు. ప్రైవేటు స్థలంలో మైకు వాడితే, ఆ స్థలం హద్దు దగ్గర కొలిచినప్పుడు ఆ ప్రాంతపు పరిమితికి 5 డెసిబెల్స్ మించకూడదని నియమాల్లో స్పష్టంగా ఉంది. అంటే ఆ రాత్రి 9:20కి, అది నివాస ప్రాంతమే అనుకున్నా, ప్రహరీ గోడ దగ్గర 60 దాటితేనే మా తప్పు. మర్నాడు మా సౌండ్ ఇంజినీర్ అసలు మీటరు అద్దెకి తెచ్చి, అదే వాల్యూమ్ పెట్టించి, గేటు దగ్గర కొలిచాడు. 58 వచ్చింది. కొలుస్తుండగా రోడ్డు మీద సిటీ బస్సు వెళ్తే 70 దాటింది. స్పీకర్‌కి మూరెడు దూరంలో 94 అంటారా, వంటింట్లో మిక్సీ పక్కన పెట్టి చూడండి, దగ్గర దగ్గరగా అంతే వస్తుంది.

మరి చుట్టుపక్కల ఇళ్లవాళ్లవి ఉత్త ఫిర్యాదులా అంటే, కాదు. ఇది మేమే ఒప్పుకోవాలి. తెల్లారితే పరీక్ష రాయాల్సిన పిల్లలున్న ఇంటి గోడ అవతల రాత్రి 11:30కి సబ్‌వూఫర్ దబ్ దబ్ మంటే ఎవరికైనా మండుతుంది. గొంతు, గిటార్ తలుపు వేస్తే చాలావరకు లోపలే ఉండిపోతాయి. బేస్, అంటే సబ్‌వూఫర్ స్పీకర్ నుంచి వచ్చే ఆ దబ్ దబ్ శబ్దం, అలా ఉండదు. గోడలో నుంచి, స్లాబులో నుంచి నడిచిపోతుంది. నియమాల్లో చెప్పిన కొలత మన చెవి వినే తీరుని లెక్కలోకి తీసుకుని బేస్‌ని తక్కువ చేసి చూపిస్తుంది. అందుకే మీటరు "ఓకే" అంటుంది, పక్కింటి పెద్దాయన మాత్రం మంచం వణుకుతోందంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఇళ్లవాళ్లు కోర్టుకెక్కింది ఊరికే కాదు. 2022లో తెలంగాణ హైకోర్టు పబ్బుల్లో రాత్రి 10 తర్వాత మ్యూజిక్ వద్దనేదాకా విషయం వెళ్లింది. మన ఊళ్లోనూ అక్కడిదాకా రాకూడదనే మా తాపత్రయం.

మేం పబ్బుల ఓనర్ల తరఫున మాట్లాడటం లేదు. 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు పోసినా, డ్రగ్స్ కనిపించినా లైసెన్సు రద్దు చేయండి, మాకేం అభ్యంతరం లేదు. మేం అడిగేది మా పని గురించి. ఈ నోటిమాట ఆర్డర్ల వల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరసగా చెప్తాం.

1. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా పెళ్లిళ్లు ఉండవు. అంటే మాకు పని ఉండదు. ఆ నెలల్లో మా ఇళ్లల్లో పొయ్యి వెలిగేది ఈ కేఫ్ గిగ్‌ల మీదే. ఒక రాత్రికి మనిషికి 1,200 నుంచి 2,000. వారానికి మూడు రోజులు దొరికితే అద్దె కట్టగలం. ముందు చెప్పకుండా ఒక శనివారం ఆపేస్తే ఆ వారం లెక్క మొత్తం తప్పుతుంది. మాకు పీఎఫ్ లేదు, సెలవు జీతం లేదు. 2020 లాక్‌డౌన్‌లో మా డ్రమ్మర్ కిట్ అమ్మేసి డెలివరీ బండి ఎక్కాడు. వాయించడానికి మళ్లీ రాలేదు.

2. లైవ్ మ్యూజిక్ ఆపితే సౌండ్ తగ్గుతుందనుకుంటారు. మేం చూసినదైతే దానికి ఉల్టా. మా కేఫ్ ఓనరు తర్వాతి వారం మమ్మల్ని మానిపించి ల్యాప్‌టాప్, రెండు పెద్ద స్పీకర్లు పెట్టాడు. స్టేజి మీద మనుషులు కనిపించరు కాబట్టి ఎవరూ వచ్చి అడగరు. సౌండ్ మాత్రం మాకంటే ఎక్కువ. మేమైతే ఎవరైనా చెయ్యి ఎత్తి "తగ్గించండి బాబూ" అంటే తగ్గిస్తాం. ల్యాప్‌టాప్‌కి ఆ చెయ్యి కనపడదు.

3. పాడే ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పాలి. మగవాళ్లని "పర్మిషన్ ఉందా" అని అడుగుతారు. ఆడవాళ్లని "ఎవరితో వచ్చావ్, ఎక్కడుంటావ్, ఇంట్లో తెలుసా" అని అడుగుతారు. మాతో పాడే అమ్మాయి కర్ణాటక సంగీతంలో డిప్లొమా చేసింది. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు తర్వాత ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీలో చదివింది. ఘంటసాల గారు, సుశీల గారు నేర్చుకున్న ఊరది. ఆ అమ్మాయిని పది మంది కస్టమర్ల ముందు అలా అడిగాక రెండు నెలలు ఇంట్లోంచి బయటికి పంపలేదు వాళ్ల నాన్న. బార్లలో ఆర్కెస్ట్రాకి ఆడవాళ్లు ఇంతమందే, మగవాళ్లు ఇంతమందే ఉండాలని మహారాష్ట్రలో పెట్టిన పరిమితిని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. స్టేజి మీద పాడటం ఆడవాళ్లకీ ఉద్యోగమే అని అంతకంటే పెద్ద చోట ఎవరు చెప్పాలి?

4. ఇది అన్నిటికంటే ముఖ్యం, కాస్త ఓపిగ్గా చదవండి. "సౌండ్ బయటికి రాకూడదు" అని నోటితో చెప్పి వెళ్లిపోతే ఓనరు ఏం చేస్తాడు? షాపుకెళ్లి, పరుపుల్లో వాడేలాంటి ఫోమ్ షీట్లు కొని గోడలకీ సీలింగుకీ అంటిస్తాడు. చవక. ఒక్క రాత్రిలో అయిపోతుంది. కానీ ఆ ఫోమ్ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుందే గానీ బయటికి పోయే బేస్‌ని పెద్దగా ఆపదు. నిప్పంటుకుంటే మాత్రం నిమిషాల్లో గదంతా విషపు పొగ.

ఊహించి చెప్తున్న మాట కాదిది. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 'ద స్టేషన్' అనే క్లబ్బులో బ్యాండ్ వాళ్లు వెలిగించిన బాణసంచా నిప్పురవ్వలు ఫోమ్‌కి అంటుకుని 100 మంది పోయారు. ఆ ఫోమ్ ఎందుకు అంటించారో తెలుసా? పక్కింటివాళ్లు సౌండ్ గురించి ఫిర్యాదు చేసినందుకు. 2013 జనవరిలో బ్రెజిల్‌లో శాంటా మరియా అనే ఊళ్లో కిస్ క్లబ్బులో 242 మంది చనిపోయారు. అది రాజధాని కాదు, మహానగరం కాదు, యూనివర్సిటీ ఉన్న మధ్యస్థాయి ఊరు. పోయినవాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు. అక్కడ కూడా సౌండ్ గొడవ తర్వాతే సీలింగుకి ఫోమ్ వచ్చింది. స్టేజి మీద వెలిగించిన బాణసంచా దానికే అంటుకుంది. మన దేశంలో 2017 డిసెంబరులో ముంబై కమలా మిల్స్‌లో 14 మంది పోయారు. 2025 డిసెంబరులో గోవాలో అర్పోరా క్లబ్బులో 25 మంది పోయారు. గోవాలో పోయినవాళ్లలో ఎక్కువమంది అక్కడ పనిచేసేవాళ్లే. వంటవాళ్లు, సర్వర్లు. అలాంటి చోట పనిచేసేవాళ్లమే మేం కూడా. చాలా చోట్ల స్టేజి తలుపుకి దూరంగా లోపలి గోడకే ఉంటుంది కాబట్టి, నిప్పు వస్తే ఆఖరున బయటపడేది బ్యాండ్ వాళ్లే కావచ్చు.

నేను వాయించిన ఒక చోట వెనక తలుపు ముందు బీరు కేసులు పేర్చి ఉండేవి. "దీన్ని తియ్యండి అన్నా" అంటే "సోమవారం తీస్తాం" అన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు సౌండ్ గురించే మాట్లాడి వెళ్లారు. ఆ తలుపు వైపు చూడలేదు.

5. అనుమతుల్లో మాకంటూ ఒక గడి లేదు. ఒక చోట మమ్మల్ని డీజే కింద రాస్తారు, ఇంకో చోట బార్ కింద, మరో చోట సభలు, ఊరేగింపులకిచ్చే మైక్ పర్మిషన్ కింద. ఒకాయన లైవ్ బ్యాండ్‌కి పీపీఎల్ లైసెన్సు చూపించమన్నారు. పీపీఎల్ అనేది రికార్డు చేసిన పాటల హక్కులకి డబ్బు వసూలు చేసే సంస్థ. మేం స్వయంగా వాయించి పాడితే కట్టాల్సింది పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల హక్కులకి, అది ఐపీఆర్‌ఎస్ అనే సంస్థకి. కట్టాల్సిందే, ఎగ్గొట్టేవాళ్లని మేం సమర్థించం. కానీ ఏది ఎవరికో అడిగేవాళ్లకైనా తెలిసి ఉండాలి కదా.

6. కొత్తగా నేర్చుకునే పిల్లలకి వాయించే చోటు లేదు. బాలు గారు సినిమాల్లో స్థిరపడే రోజుల్లో నడిపిన ట్రూపులో ఇళయరాజా గారు వాయించారు. అలాంటి స్టేజీల మీదే చెయ్యి తిరుగుతుంది. గురజాడ కళాక్షేత్రం, కళాభారతి లాంటివి పెద్ద కార్యక్రమాలకి బాగుంటాయి. అరవై మంది ముందు తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి ఉన్నవి ఈ కేఫులే. అవి మూస్తే, కాస్త చెయ్యి బాగున్న కుర్రాడు బెంగళూరు బస్సెక్కుతాడు. ఎక్కుతున్నారు కూడా.

ఇదేమీ మన ఊరికే వచ్చిన తలనొప్పి కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో లైవ్ మ్యూజిక్ ఉన్న ప్రతి చోటునీ "ప్రమాదకర స్థలం" కింద లెక్కగట్టి సెక్యూరిటీ షరతులు పెట్టారు. 2010 జనవరిలో 'ద టోట్' అనే పాత సంగీత పబ్ మూతపడింది. మరుసటి నెలలో వేలమంది రోడ్డు మీదికి వచ్చారు. ఆ ఏడాదే ప్రభుత్వం దిగొచ్చింది, టోట్ మళ్లీ తెరుచుకుంది. బ్రిటన్‌లో 2012లో ఇంగ్లండ్, వేల్స్‌లకి లైవ్ మ్యూజిక్ కోసమే ఒక చట్టం తెచ్చారు. మద్యం లైసెన్సు ఉండి 200 మంది లోపు ప్రేక్షకులుండే చోట్ల రాత్రి 11 దాకా లైవ్ మ్యూజిక్‌కి విడిగా అనుమతి అక్కర్లేదన్నారు. తర్వాత ఆ 200ని 500 చేశారు. ఇక్కడ మేం 11 అడగటం లేదు. మన నియమాలు మనకున్నాయి. వాటిని రాసినట్టే అమలు చేయమంటున్నాం, అంతే.

మా డిమాండ్లు ఇవి:

1. ఎక్కడైనా మ్యూజిక్ ఆపించాలంటే అక్కడికక్కడే ఒక కాగితం ఇవ్వాలి. టైము, కొలిచిన చోటు, వచ్చిన రీడింగు, మీటరు నంబరు, అధికారి పేరు, ఏ నియమం కింద అన్నది రాసి ఉండాలి. అర పేజీ చాలు. తప్పు మాదైతే ఆ కాగితం చూసి దిద్దుకుంటాం.

2. ఫోన్ యాప్‌తో కొలవడం మానాలి. కాలిబ్రేట్ చేసిన (కొలత సరిగ్గా ఉందని సరిచూసిన) మీటరుతో, స్థలం హద్దు దగ్గర కొలవాలి. ఫిర్యాదు వచ్చిన ఇల్లుంటే ఆ ఇంటి పడకగదిలో కూడా కొలవాలి. బేస్ గురించి ఫిర్యాదు అయితే సబ్‌వూఫర్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి కొలవాలి. తేడా అక్కడే తెలిసిపోతుంది.

3. 200 మంది లోపు పట్టే చోట్లకి లైవ్ మ్యూజిక్ అనే పేరుతోనే, ఒకే కిటికీ దగ్గర, ఏడాదికి ఒకే అనుమతి ఇవ్వాలి. రాత్రి 10 తర్వాత మూసి ఉన్న గదుల్లో ఏది కుదురుతుందో, ఏది కుదరదో అందులోనే రాయాలి. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి మూసిన చోట్లకి నియమాల్లో మినహాయింపు ఉంది. అది తలుపులు వేసి వాయించే కేఫ్‌కి వర్తిస్తుందా లేదా? అవునో కాదో ఒక్క మాట రాసి చెప్పండి. కాదంటే 10కి వైర్లు చుట్టేసుకుంటాం.

4. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకి ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ తేదీలేవో మన నగరానికి జనవరిలోనే ప్రకటించాలి. డీజే బాక్సుల లారీకైనా మా గిటార్‌కైనా ఒకటే లెక్క ఉండాలి.

5. సౌండ్ తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ ఫైర్ తనిఖీ కూడా జరగాలి. ఫోమ్ ఏ రకమో, రెండో తలుపు తెరుచుకుంటుందో లేదో, ముందు ఏం పేర్చారో చూడాలి. సౌండ్ తగ్గించమని నోటీసు ఇస్తే, గోడలకి ఏం వాడొచ్చో, ఏం వాడకూడదో అందులోనే రాయాలి. లోపల బాణసంచా, స్పార్క్ మెషిన్లు పూర్తిగా నిషేధించాలి. బర్త్‌డే కేకు మీద పెట్టే ఫౌంటెన్ క్యాండిల్ కూడా. తనిఖీ తేదీ తలుపు దగ్గర అంటిస్తే, వాయించాలో వద్దో మేమే నిర్ణయించుకుంటాం.

6. పాడే ఆడవాళ్లని అందరి ముందూ ప్రశ్నించడం ఆపాలి. ఏదైనా అడగాల్సి వస్తే మహిళా సిబ్బందితో, పక్కకి పిలిచి, పనికి సంబంధించినదే అడగాలి. రాత్రి షో అయ్యాక ఇంటికి చేర్చే బాధ్యత వేదిక ఓనరుదని అనుమతి పత్రంలో షరతు పెట్టాలి.

7. మూడు నెలలకోసారి అధికారులు, కాలనీ సంఘాలు, ఓనర్లు, కళాకారులు ఒకచోట కూర్చోవాలి. కాలనీవాళ్లు మమ్మల్ని తిట్టినా ఫర్వాలేదు, ఎదురుగా ఉండి తిట్టాలి. సగం గొడవలు ఒక ఫోన్ నంబరుతో తీరిపోతాయి. "బాబూ, పిల్లకి జ్వరం, కాస్త తగ్గించు" అని మా సౌండ్ ఇంజినీర్‌కి ఒక్క ఫోన్ చేస్తే నిమిషంలో తగ్గుతుంది.

వీటిలో డబ్బు ఖర్చయ్యేవి మహా అయితే రెండు మూడు ఉంటాయి. మిగతావన్నీ ఒక సర్క్యులర్‌తో అయ్యేవే. 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. అన్నీ ఒప్పుకోకపోయినా సరే, ఏది ఒప్పుకోరో, ఎందుకో రాయండి.

వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకి ఈ లేఖ కాపీలు, స్టాంపు పడ్డ పాత వినతిపత్రం, అద్దెకి తెచ్చిన మీటరు పట్టుకుని ఓ ఇరవై మందిమి వస్తున్నాం. వాయిద్యాలు తేవడం లేదు. తెస్తే వాటికీ పర్మిషన్ అడుగుతారేమోనని.

ఇట్లు,
విశాఖపట్నంలో వాయించి, పాడి బతుకుతున్నవాళ్ల తరఫున
ఒక కీబోర్డు ప్లేయర్